ఆరుగురు అన్నలు, ఆరు బూరెలు

అనగా అనగా ఒక రాజ్యం. రాజ్యమంటే పేద్దదనుకునేరు, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర నుంచి చిరంజీవ అనేవాళ్ళు. అంతే దాని కొలత. దానికొక రాజు, ఆ రాజుకొక రాణి, ఆ రాణికొక అత్తగారు, ఏడుగురు కొడుకులు. కొడుకులు రాణిగారికేలే, పెత్తనం మాత్రం అందరిదీ. ఊ కొడుతున్నారా? వల్లీ, తమ్ముడి దుప్పటి వాడికి వదులు.

ఆ ఏడుగుర్లో కడగొట్టువాడికి నత్తి. మాట మొదలవ్వడమే కష్టం, మొదలైతే ఎలాగో పోయేది. "మ" అని కాసేపు ఆగేవాడు. ఆగనిస్తేగా? పెద్దన్న మంచినీళ్ళా అనేవాడు, రెండోవాడు మామిడికాయా అనేవాడు, మూడోవాడు మడతమంచమా అనేవాడు. భోజనం దగ్గర మడతమంచం ఎందుకురా అని నాలుగోవాడు, నీకెందుకురా అని అయిదోవాడు, మీ ఇద్దరికీ ఎందుకురా అని ఆరోవాడు. ఈ గొడవ తేలేసరికి విస్తళ్ళు ఎత్తేసేవాళ్ళు. పాపం వాడడిగింది మజ్జిగ.

రాజుగారికి దిగులు పట్టుకుంది. వీడికీ నత్తి ఎక్కణ్ణుంచి వచ్చిందని రాణినడిగితే, మీ అమ్మగారి వైపు నుంచే అంది. అమ్మనడిగితే, నీ పెళ్ళాం పుట్టింటి నుంచే అంది. మనిషిని పంపి ఆరా తీయిస్తే అటొక మేనమామ, ఇటొక చిన్నతాత తేలారు, ఇద్దరికీ నత్తే. పోట్లాట సరికి సరి అయిపోయి, అత్తాకోడళ్ళు వారం రోజులు మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో ఆ వారమే కాస్త ప్రశాంతంగా ఉందట.

తర్వాత పండితులొచ్చారు. వాళ్ళకి తెలీదనడం తప్ప అన్నీ వచ్చు. మొదటాయన, కడగొట్టువాడు కదా మహారాజా, అన్నలు ఆరుగురూ మాటలన్నీ ముందే వాడేసుకున్నారు, వీడికి ముక్కలే మిగిలాయన్నాడు. రెండో ఆయన, కాదు కాదు, నత్తి వచ్చేది తొలిచూలు పిల్లలకే, మా ఊళ్ళో ఇద్దర్ని చూశానన్నాడు. మూడో ఆయన నడిమివాళ్ళకే వస్తుందన్నాడు. మొదటివాడికి కాక, చివరివాడికి కాక, నడిమివాడికి కాక ఇంకెవరికొస్తుంది? పక్కింటి పిల్లికా? రాజుగారికి ఆ మాత్రం తోచలేదు. ముగ్గురికీ మూడు శాలువాలు కప్పి పంపాడు.

కప్పి ఊరుకున్నాడా? లేదు. కడగొట్టుతనమే కదా జబ్బు, అది తీసేద్దామన్నాడు. రేపటి నుంచి చిన్నాడే పెద్దబాబు, పెద్దాడే చిన్నబాబు అని చాటింపు వేయించాడు. ముప్ఫై అయిదేళ్ళ పెద్దాడు, మీసాలవాడు, పిల్లల తండ్రి, వాణ్ణి పట్టుకుని రాణిగారు గోరుముద్దలు పెట్టాల్సొచ్చింది. నెల తిరిగింది. నత్తి అలాగే ఉంది. పెద్దాడు మాత్రం గోరుముద్దలు మరిగి, చేత్తో కలుపుకుని తినడం మర్చిపోయాడు.

ఇక చిన్నాడికి పెళ్ళీడు వచ్చింది. చూపులకెళ్తే పిల్లవాణ్ణి ఏదడిగినా అన్నలే జవాబు చెప్పేవాళ్ళు. ఆడపెళ్ళివాళ్ళు వీడు మూగవాడనుకుని జారుకునేవాళ్ళు. చివరికి పక్క రాజ్యం మంత్రిగారింటికెళ్ళారు. ఆ పిల్ల పేరు త్రిపురసుందరి. నీకే కూర ఇష్టమని పిల్లవాణ్ణి అడిగింది. ఆరుగురు అన్నలు ఆరు కూరలు చెప్పారు. వాడు ఆ పిల్ల వంక చూసి నవ్వాడు. ఆ నవ్వుకి నత్తి లేదు. ఆ పిల్ల సరేనంది.

వల్లీ, ఆగవే. తర్వాతేమైందో నువ్వు చెప్పేస్తే నేనెందుకిక్కడ? నోరు మూసుకుని ఊ కొట్టు. తమ్ముడి ఊ వాడే కొడతాడు, నువ్వు కొట్టక్కర్లేదు.

పెళ్ళైంది. మిట్టమధ్యాహ్నం కోడల్ని తీసుకొచ్చారు. గుమ్మం ముందు పేర్లు చెప్పించకుండా లోపలికి రానివ్వరు కదా. ఆడపడుచులు లేని ఇల్లు గనక మేనత్త తలుపుకి అడ్డంగా నిలబడింది. నీ పెళ్ళాం పేరు చెప్పరా అంది. అసలే నత్తి, ఆపైన త్రిపురసుందరి. వాడికి చెమటలు పట్టాయి. కానీ వాడికి చెప్పాలని ఉంది. తన నోటితో, తన పెళ్ళాం పేరు, ఊరందరి ముందూ.

"త్" అన్నాడు. అంతే, పెద్దన్న త్రిపుర అన్నాడు, రెండోవాడు సుందరి అన్నాడు, మిగతా నలుగురూ కలిసి త్రిపురసుందరి అన్నారు. మేనత్త పక్కకి తప్పుకుంది. పిల్ల మాత్రం కాలు కదపలేదు.

"పేరు చెప్పినవాళ్ళు ఆరుగురున్నారు. నేను పెళ్ళాడింది ఒక్కణ్ణే. ఆయన చెప్పాకే వస్తాను," అంది నెమ్మదిగా.

పప్పు చల్లారుతోంది, చుట్టాలు ఆకలికి గింజుకుంటున్నారు. పిల్ల పేరు ఉమ అని మార్చేస్తే పోలా అన్నాడు రాజు. మా నాన్న పెట్టిన పేరు మామయ్యగారూ, మార్చను అంది. వాడు మళ్ళీ "త్" అన్నాడు, అన్నలు మళ్ళీ అందుకున్నారు. ప్రేమతోనే అందుకున్నారు, అదే చిక్కు. అప్పుడా పిల్ల అత్తగారి వైపు తిరిగి, బావగార్లకి ఆకలిగా ఉన్నట్టుంది అత్తయ్యగారూ, బూరెలు ఇప్పించండి అంది.

రాణిగారు బూరెల గంప తెప్పించి, ఒక్కొక్కడి నోట్లో ఒక్కో బూరె కుక్కింది. అప్పుడే దింపినవి, లోపల పూర్ణం కుతకుతలాడుతోంది. మింగలేరు, ఉమ్మలేరు, మాట్లాడలేరు. ఆరుగురూ కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడ్డారు.

వాడు మొదలుపెట్టాడు. త్ దగ్గర ఆగాడు, పు దగ్గర ఆగాడు, సుం దగ్గర ఇంకా ఎక్కువ ఆగాడు. ఎంతసేపు పట్టిందంటారా? పట్టినంతసేపు పట్టింది. ఎవరూ చావలేదు. మొత్తం చెప్పాడు.

ఇప్పుడు నీ మొగుడి పేరు చెప్పమ్మా అంది మేనత్త. పురోహితుడు పెళ్ళిలో చదివాడు, ఆ పిల్లకి తెలుసు. అయినా మొగుడి వంక చూసి, మీరు చెప్పండి, విని చెబుతాను అంది.

చిన్నాడు నోరు తెరిచాడు. "ప్" అని ఆగాడు. వాడికి లోకంలో అన్నిటికన్నా కష్టమైన మాట అదే, సొంత పేరు. అన్నల నోళ్ళలో బూరెలున్నాయి. ఖాళీగా ఉన్న నోరు రాణిగారిదొక్కటే, అది పేరు అందించడానికి అప్పుడే తెరుచుకుంది. కోడలు చూసింది. రాణిగారు తన కొంగు తనే నోట్లో కుక్కుకుంది.

పుష్కరనాథుడు అన్నాడు వాడు. పుష్కరనాథుడు అని ఆ పిల్లా చెప్పి, కుడికాలు గుమ్మం లోపల పెట్టింది.

రాణిగారు అక్కడే చతికిలబడి ఏడ్చింది. ఇరవై రెండేళ్ళొచ్చాయి, నా కొడుకు తన పేరు చెప్పుకోగా ఇవ్వాళే విన్నాను, అన్నలదేముంది, ముందు అందించడం నేర్పింది నేనే అంది. ఆవిడ అత్తగారు కూడా ఏడ్చింది, ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదున్నది అప్పుడే.

నత్తి పోయిందా అంటే, పోలేదమ్మా. ముసలాడయ్యేదాకా ఉంది. వాడు మాట్లాడుతుంటే రాజ్యమంతా ఆగి వినేది, అంతే తేడా. ఎవరికెందుకొస్తుందో నాకు తెలీదు, మీకూ అక్కర్లేదు. ఎదుటివాడి మాట వాడి నోట్లోనే ఉండనివ్వండి, చాలు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.