చెరువు అంచున పాదముద్రలు

ఫాల్గుణం వచ్చేసరికి చెరువు సగానికి తగ్గింది. వలస కొంగలు గుంపులు గుంపులుగా ఉత్తరానికి లేచాయి. చుక్కమ్మ అనే కొంగ మాత్రం లేవలేకపోయింది. చేపల వల కట్టిన తీగ తగిలి ఎడమ రెక్క విరిగింది. ఆమె గుంపు రెండుసార్లు పైన తిరిగి చూసి వెళ్లిపోయింది.

చుక్కమ్మ బెంబేలు పడలేదు. నక్క గవరయ్య దగ్గర ప్రయాణ బీమా ఉంది. శీతాకాలమంతా కొంగలన్నీ అతనికి చేపలు కట్టాయి. రెక్క విరిగితే, పదిహేను రోజుల్లో చెప్పుకుంటే, కొండ కింది మడుగుకు మోసుకెళ్లి, నయమయ్యేదాకా మేపాలి. అదీ ఒప్పందం.

గవరయ్య ఆ రోజే వచ్చాడు.

"అయ్యో చెల్లెమ్మా! ఒడ్డుకు రా, రెక్క చూస్తాను."

"అక్కణ్ణుంచే కనబడుతుందిలే అన్నయ్యా," అంది చుక్కమ్మ, నీళ్లలోనే నిలబడి. "వెంటనే మడుగుకు చేరిస్తే, రెక్క నయమై ఆఖరి గుంపునైనా అందుకుంటాను."

"తప్పకుండా. ముందు వైద్యుడి మాట కావాలి."

వడ్రంగిపిట్ట వచ్చి చూసి, విరిగిందని చెప్పింది. నాలుగు రోజుల తర్వాత గవరయ్య మళ్లీ వచ్చాడు.

"నీతో ప్రయాణించేవాళ్ల సాక్ష్యం కావాలమ్మా."

"వాళ్లు వెళ్లిపోయారు కదా!"

"అదే ఇబ్బంది."

అలా ఐదుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా నీళ్లు ఇంకాస్త వెనక్కి పోయేవి, చుక్కమ్మా జరిగేది. ఆఖరి గుంపూ దాటిపోయింది. మాట్లాడే తోడు లేక, నీళ్లలో తన నీడతోనే, "ఇవాళ వస్తాడేమో," అనేది.

నెల దాటాక గవరయ్య తీరిగ్గా చెప్పాడు: "గడువు అయిపోయింది. నువ్వు నాకు ముందే చెప్పలేదు కదా!"

తగవు, చెరువులో తీర్పులు చెప్పే తాబేలు పాపయ్య దగ్గరికి వెళ్లింది.

"ఈవిడ చెప్పిందనడానికి సాక్షి ఎవరు?" అన్నాడు నక్క.

"వడ్రంగిపిట్ట అడవి దాటిపోయింది, ఇంకెవరూ లేరు తాతయ్యా," అంది చుక్కమ్మ. "కానీ ఈయన వచ్చిన ప్రతిసారీ నీటి అంచు దాకా వచ్చి మాట్లాడాడు. అప్పటి బురద ఇప్పుడు ఎండింది."

పాపయ్య మెల్లగా ఒడ్డు దిగాడు. గట్టిపడిన మట్టిలో ఐదు వరుసల నక్క అడుగులు. ఒక్కో వరుస ఒక్కో మెట్టు కిందికి.

"హోలీ పున్నమికి నీళ్లు ఈ నల్లరాయి దాకా ఉన్నాయి. ఈవిడ గుంపు లేచింది ఆ రోజే. పై వరుస అప్పటిదే."

"దాహమై వచ్చానండీ!"

"మరి నీ అడుగుల ఎదురుగా కొంగ కాళ్ల గుర్తులు, పక్కనే రెక్క ఈడ్చిన గీత ఉన్నాయి. దాహం తీర్చుకుంటూ ఏం చూశావు గవరయ్యా?"

ఒప్పందం అమలు చేయాలని, ఆలస్యానికి పరిహారంగా వచ్చే ఏడాది కొంగలన్నిటికీ ఉచితంగా బీమా ఇవ్వాలని పాపయ్య తీర్పు చెప్పాడు. చుక్కమ్మను తన కళ్ల ముందే మోయాలన్నాడు.

పొడుగుకాళ్లు అటూ ఇటూ వేలాడుతుంటే గవరయ్య వగరుస్తూ చుక్కమ్మను మడుగుకు చేర్చాడు. చేపలు పట్టి ఒడ్డున పెట్టాడు. రెక్క అప్పటికే వంకరగా అతుక్కుంది.

"గెలిచావుగా, ఇంకేం కావాలి?" అన్నాడు విసుగ్గా.

చుక్కమ్మ ఖాళీ ఆకాశం వైపు చూసింది.

"కాసేపు కూర్చో అన్నయ్యా. పలకరించడానికి నువ్వొక్కడివే మిగిలావు."

ఆలస్యంగా గెలిచిన తగవు ఆకలి తీరుస్తుంది గానీ, వెళ్లిపోయిన గుంపును వెనక్కి తేదు.