రాజు రెండోసారి చనిపోయిన ఆట

రాణి వేషంలో హిమజకు అన్నీ వచ్చాయి, ఒక్క మాట తప్ప.

నాటకంలో రాణి రాజు మీద కోపంతో కోట తలుపు వేయిస్తుంది. క్షమించమని అడిగితే గానీ తీయనంటుంది. యుద్ధంలో గాయపడి వచ్చిన రాజు ఆ మాట అడగలేడు. గడప బయటే కూలిపోతాడు. రాణి తలుపు తీసి పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంటుంది. రాజు ఆఖరి పద్యం పాడి ప్రాణం వదులుతాడు. అప్పుడు రాణి అనాల్సింది ఇంతే:

"తలుపు తీశాను కదా. లోపలికి రారాదూ."

ఈ మాట మీద హిమజ గంటసేపు మాట్లాడగలదు. గుంటూరు కాలేజీల డిబేట్ పోటీల్లో ఆమె లేచిందంటే అవతలి జట్టు మంచినీళ్ళు వెతుక్కునేది. రిహార్సల్లోనూ అదే ధోరణి.

"తలుపంటే ఉత్త తలుపు కాదు మాస్టారూ, అహంకారం. కోటంటే అధికారం. అందులో ఆడదాని చేతికి దక్కింది ఒక్క గడియ. దాన్నే ఆయుధం చేసుకుంది. ఆ 'కదా'లో పశ్చాత్తాపం ఉంది, ఎత్తిపొడుపూ ఉంది. ఇక 'రారాదూ' దగ్గరికొస్తే..."

"టీ చల్లారిపోతోంది తల్లీ," అన్నారు పానకాలయ్య మాస్టారు.

ఆమెకు నాటకం నేర్పుతున్నది ఆయనే. డెబ్భై దాటినా రాజు వేషం ఇంకా ఆయనదే.

"ఏదీ, ఇప్పుడు ఆ మాట అను," అన్నారు.

ఆమె అంది. ఒక్కో పదానికీ ఒక్కో అర్థం తగిలించి మరీ అంది.

"ఇంకా రాలేదు."

"ఏం తక్కువైందో చెప్పండి మరి."

"తక్కువేం కాలేదు."

అంతకు మించి చెప్పరు. మనిషిని ఉడికించి వదిలేస్తారు. హార్మోనియం వాయించే ఏసుదాసు మాత్రం దాచుకోలేకపోయాడు.

"అమ్మాయ్, ఆదివారం ఆట పండకపోతే వేషం మళ్ళీ పాత రాణి రత్నకుమారి గారికే పోద్దంట. నాటక కమిటీ వాళ్ళ మాట."

హిమజకు ఆ వేషం కావాలి. ఇన్నాళ్ళూ గెలిచిన షీల్డులన్నీ తీసుకుని ఆ వేషం ఇస్తామంటే ఇచ్చేసేంతగా కావాలి. అందుకే మాస్టారికి ఒక షరతు పెట్టింది.

"వన్స్ మోర్లు మాత్రం ఒప్పుకోకండి. జనం అడిగారని చచ్చినవాడు లేచి పద్యం పాడి మళ్ళీ చావడమేంటండీ? విషాదం పరువు పోతుంది."

"నిజమే, చచ్చాక లేవడం తప్పే," అన్నారు మాస్టారు. "అంతమంది పిలుస్తుంటే పడుకోవడం ఇంకా తప్పు."

ఆదివారం సాయంత్రం రేపల్లెలో ఆట. హాలు నిండిపోయింది. కిటికీలకు కూడా మనుషులే.

గడప దగ్గర రాజు పద్యం అందుకున్నాడు. చివరి రాగంతో పాటే ప్రాణం పోయినట్టు ఆమె ఒళ్ళో తల వాల్చాడు. హిమజ తలెత్తి, వెనక వరస దాకా వినబడేలా తన మాట అంది. ఒక్క అర్థం కూడా జారిపోనివ్వలేదు.

ముందు వరసలో ఒకాయన వేరుశనక్కాయ వొలిచాడు. ఆ చప్పుడు స్టేజీ మీదికి వినిపించింది.

అంతలో వెనక నుంచి ఈలలు. "మాస్టారూ, వన్స్ మోర్." హాలంతా అందుకుంది. వాళ్ళు అడుగుతున్నది రాజు పద్యం. రాణి ఏదో అన్నదన్న సంగతే ఎవరికీ పట్టలేదు.

హిమజ మొహం రంగు కిందే కందిపోయింది. "లేవకండి," అంది పెదవులు కదపకుండా.

శవం ఒక కన్ను తెరిచింది. లేచింది. కిరీటం సర్దుకుని జనానికి దణ్ణం పెట్టింది.

"నిదానం నాయనా, గాయమైంది," అని ఎవరో ముసలమ్మ హెచ్చరించింది. హాలు గొల్లుమంది. ఏసుదాసు నవ్వుకుంటూనే శ్రుతి పట్టాడు.

మాస్టారు మళ్ళీ పాడారు, ఇందాకటి కంటే బాగా. నవ్వినవాళ్ళే మెల్లగా సర్దుకుని కూర్చున్నారు. పద్యం అయిపోయింది. తల మళ్ళీ ఆమె ఒళ్ళోకి వచ్చింది. కళ్ళు మూసుకునే ముందు ఆమెకు మాత్రమే వినబడేలా అన్నారు:

"ఇందాక వాళ్ళకి చెప్పావు. ఈసారి నాకు చెప్పు."

హిమజ తలెత్తలేదు. ఆయన మొహంలోకి చూసింది. చెమటకు రంగు కరిగి చెవి వైపు కారుతోంది. రెండుసార్లు అంతెత్తున పాడిన గుండె ఎగసిపడుతోంది. చూస్తుండగానే అది ఆగింది. ఆమె కోసం ఊపిరి బిగబట్టారు. ఆ వయసులో ఎంతోసేపు పట్టలేరు.

"తలుపు తీశాను కదా," అంది గబగబా, ఆయన చెంప తట్టి. తర్వాత గొంతు సగమే వచ్చింది. "లోపలికి రారాదూ."

ఏసుదాసు వేళ్ళు హార్మోనియం మీద అలాగే ఉండిపోయాయి. తెర పక్కన నిలబడ్డ కమిటీ పెద్ద చేతిరుమాలు కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. మళ్ళీ కావాలని ఎవరూ అడగలేదు.

తెర నేలకు తాకింది. అప్పుడు రాజు కళ్ళు తెరవకుండానే అడిగాడు:

"ఇక ఊపిరి తీసుకోమంటావా తల్లీ?"