మోటారు వేయని మూడు వారాలు

పార్వతీపురంలో హార్మోన్ల వైద్యం చేసే డాక్టర్ వసుంధరాదేవిగారికి ఒక అలవాటు ఉంది. పడుచువాడెవరికైనా టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఇంజెక్షన్ రాయవలసి వస్తే, ముందు పెన్నుకు మూత పెట్టి, "పిల్లలు కావాలా?" అని అడుగుతారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న నిరంజన్‌కు ఆ ప్రశ్న గిట్టేది కాదు. కొత్తగా డాక్టరైనవాళ్లకు రిపోర్టులో అంకె కనబడితే చాలు, మందు పేరు నోటికి వచ్చేస్తుంది.

ఆ రోజు వచ్చినవాడు కరెంటు లైన్‌మన్ ఢిల్లీశ్వరరావు. ఇరవై ఆరేళ్లు, పెళ్లై నాలుగు నెలలు. స్తంభం ఎక్కి దిగేసరికి ఒంట్లో సత్తువ ఉండటం లేదు. రెండుసార్లు చేసిన రక్తపరీక్షల్లోనూ ఆ హార్మోను బాగా తక్కువ. నిరంజన్ చీటీ రాసేశాడు. డాక్టరమ్మ దాన్ని తీసుకుని, తన ప్రశ్న అడిగారు.

"ఇద్దరు కావాలండి. మా ఇంటిది అప్పుడే పేర్లు కూడా ఎంచేసింది" అన్నాడతను సిగ్గుపడుతూ. ఆమె అతన్ని కాసేపు బయట కూర్చోమన్నారు.

నిరంజన్ ఉండబట్టలేకపోయాడు. "మేడమ్, మగతనానికి అదే కదా మూలం. తగ్గినదాన్నే కదా మనం నింపుతున్నాం. పిల్లలకు ఇంకా మంచిదే. భయమెందుకు?"

ఆమె చీటీ బల్లమీద పెట్టారు. "మేడమీద ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో చూసి, పెరట్లో వంగమడి కూడా చూసి రా" అన్నారు.

ట్యాంకు అంచుదాకా నిండి ఉంది. అది చూసి పెరట్లోకి వెళ్లాడు. డాక్టరమ్మ ఇష్టపడి వేయించుకున్న వంగమొక్కలు మొత్తం వాలిపోయి ఉన్నాయి. పెరటి పని కూడా చూసే కాపలాదారు సింహాద్రి పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు.

"పైన అన్ని నీళ్లుంటే మొక్కల్ని ఎండబెట్టావేమయ్యా?" అన్నాడు నిరంజన్.

"ఈ మడికి నీళ్లు టేంకులోంచి రావు బాబూ. బోరు మోటారు కాణ్నుంచి తిన్నగా వొస్తాయి. మూడు వారాలై టేంకరోడొచ్చి పైన నింపేస్తన్నాడు. టేంకు నిండుగుంటే మోటారు దానంతటదే ఆగిపోతాది."

"ఇప్పుడు నడిపిస్తే?"

"సానామట్టుకు తేరుకుంటాయి. ఎన్నాళ్లకంటే సెప్పలేను. రెండు కుండీల్లోకి ముందే తీసి పెట్టినాను, అవి మాత్రం బాగున్నాయి."

నిరంజన్‌కు తను రాసిన చీటీ గుర్తొచ్చింది. అతనికి సిగ్గేసింది. తర్వాత లోపలికి వెళ్లి చీటీ చింపేసి, ఢిల్లీశ్వరరావును పిలిచి అన్నీ విడమరచి చెప్పాడు. బయటినుంచి హార్మోను ఎక్కిస్తే ఒంట్లో సొంత తయారీ ఆగుతుందనీ, దానిమీదే బతికే వీర్యకణాలు పూర్తిగా పోవచ్చనీ, ఇంజెక్షన్ ఆపాక ఎక్కువమందికి తిరిగి వచ్చినా ఎప్పటికన్నది ఎవరూ చెప్పలేరనీ చెప్పాడు. ముందు వీర్యపరీక్ష చేయిద్దాం, కొంత వీర్యం ముందే దాచిపెట్టే ఏర్పాటు చేద్దాం, సొంత తయారీనే లేపే మందు నీకు పనికొస్తుందేమో చూద్దాం అన్నాడు. ఢిల్లీశ్వరరావు అంతా విని, "ఈ మాట మా ఇంటిదానికీ మీరే సెప్పండి" అంటూ ఫోన్ కలిపి చేతికిచ్చాడు.

అతను వెళ్లాక నిరంజన్ అడిగాడు. "అయితే ఆ ఇంజెక్షన్ అసలు రాయకూడదా మేడమ్?"

"ట్యాంకరును పిలిపించింది నేనే" అన్నారు వసుంధరాదేవిగారు. "బోరు నీళ్లు ఆసుపత్రి వార్డుకు చాలలేదు, పిలవక తప్పలేదు. పిలిచేముందు సింహాద్రిని ఒక్క మాట అడగలేదు."