నూనె గిన్నె

కొమురెల్లికి ఒకటే దిగులు. ఉస్తాద్ తనను చాప మీద కూచోనివ్వడు.

జగిత్యాల కోట వెనక వీధిలో ఉస్తాద్ జలాల్ పహిల్వాన్ తాలింఖానా ఉంది. ఒకప్పుడు అక్కడ కుస్తీలు పట్టేవారు. ఇప్పుడు కుస్తీలు తగ్గి నడుం నొప్పులు పెరిగాయి. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఉస్తాద్ వాళ్లను చాప మీద బోర్లా పడుకోబెట్టి, పట్టేసిన నడుమును చేతులతో సరిచేసి పంపిస్తాడు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్న వాళ్లను మాత్రం ముట్టుకోడు. ముందు పెద్దాసుపత్రికి పొమ్మంటాడు.

కొమురెల్లి పని పక్కన నిలబడి నూనె గిన్నె పట్టుకోవడం. ఏళ్ల తరబడి అదే పని. ఏ నడుము ఎక్కడ పట్టేసిందో కళ్లు మూసుకుని చెప్పగలడు. తోటి శిష్యులు అలిసిపోయి వస్తే వెనక గదిలో వాళ్ల నడుములు విరుస్తాడు. టక్‌మని వినబడాల్సిందే. ఆ చప్పుడు వింటే కొమురెల్లికి పండగ.

ఉస్తాద్ దగ్గర ఆ చప్పుడు అరుదు. ఆయన అరచెయ్యి నడుము మీద పెట్టి ఊరికే కూచుంటాడు. గిన్నెలో నూనె చల్లారిపోతుంది. కొమురెల్లికి ఆవలింతలు వస్తాయి.

ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు. "నాకు చాప ఎప్పుడిస్తరు ఉస్తాద్?"

"అడిగినవు గద బేటా. ఇయ్యాల్నే కూసో," అన్నాడు ఉస్తాద్.

మొదట వచ్చినవాడు లారీ డ్రైవర్ రాజలింగు. గోడ పట్టుకుని, సగానికి వంగి వచ్చాడు. "రేపు పొద్దుగాల నాగపూర్ లోడుంది ఉస్తాద్. స్టీరింగ్ ముందల కూసోలేకపోతున్న," అన్నాడు. చాప దగ్గర కొమురెల్లిని చూసి అతని ముఖం చిన్నబోయింది. అయినా పడుకున్నాడు.

కొమురెల్లి చకచకా తడిమి చోటు పట్టేశాడు. అందులో తప్పేమీ లేదు, చోటు అదే. నడుము పట్టుకుని తిప్పబోయాడు. రాజలింగు ఒళ్లంతా బిగుసుకుంది. ఇంకాస్త బలం పెట్టాడు. ఇంకాస్త బిగుసుకుంది. చప్పుడు నడుములోంచి రాలేదు గానీ రాజలింగు నోట్లోంచి గట్టిగానే వచ్చింది. బయట బెంచీ మీద ఉన్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"వదులు అన్నా! నువ్వే బిగబడుతున్నవు," అని కొమురెల్లి విసుక్కున్నాడు. చెమటలు పట్టాయి. ఇన్నేళ్లు కోరుకున్న చాప మీదే పరువు పోతుంటే ఏడుపు వచ్చినంత పనైంది.

ఉస్తాద్ కోప్పడలేదు. రాజలింగును మెల్లగా లేపి పక్కన కూచోబెట్టాడు.

"బేటా, నువ్వు పండు."

"నేనా?"

కొమురెల్లి బోర్లా పడుకున్నాడు.

"రాజలింగూ, నీ చెయ్యి వీని నడుము మీద పెట్టు."

"నాకేం తెలుసు ఉస్తాద్? లారీ తోలెటోన్ని."

"పెట్టు."

బరువైన చెయ్యి ఒకటి వచ్చి కొమురెల్లి నడుము మీద పడింది. చల్లగా ఉంది. అది నొక్కుతుందో, తిప్పుతుందో, విరుస్తుందో తెలియలేదు.

"ఎట్లుంది?" అని రాజలింగును అడిగాడు ఉస్తాద్.

"రాయి లెక్కుంది."

"నీకు నొప్పి గూడ లేకపాయె బేటా. ఎందుకు బిగబట్టినవు?"

"ఈయన ఏం జేస్తడో ఏమోనని..." అంటూ కొమురెల్లి ఆగిపోయాడు.

చాపలో ముఖం దాచుకున్నాడు. సిగ్గేసింది. అంతలోనే నవ్వొచ్చింది.

"బ్రేకు నేనొక్కన్నే ఎయ్యలే తమ్మీ, నువ్వూ ఏసినవు," అన్నాడు రాజలింగు.

కొమురెల్లి లేచాడు. అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాడు. రాజలింగును పడుకోబెట్టి, నడుము మీద చెయ్యి పెట్టి కూచున్నాడు.

"ఏం జేస్తున్నవు తమ్మీ?"

"ఏం జేస్తలేను. నాగపూర్ నుంచి ఏం తెస్తవన్నా?"

"సంత్రాలు. మా చిన్నబిడ్డ తొక్క గూడ ఇడిసిపెట్టదు. దాన్ని ఎండబెట్టి, దంచి, మొఖానికి రాస్తదట..." చెబుతూ చెబుతూ రాజలింగు పొడుగ్గా ఊపిరి వదిలాడు.

నూనె చల్లారిపోయింది. కొమురెల్లికి ఆవలింత రాలేదు. చెయ్యి కింద నడుము ఎప్పుడో దానంతట అదే మెత్తబడింది. అప్పుడు మెల్లగా తిప్పాడు. చప్పుడే లేదు.

"ఇంకెప్పుడు తిప్పుతవు?" అన్నాడు రాజలింగు.

"అయిపోయింది. లే అన్నా."

రాజలింగు నమ్మకం లేకుండానే లేచాడు. కాస్త నొప్పి ఉంది గానీ నిటారుగా నిలబడ్డాడు. వంగి చెప్పులు తనే తొడుక్కున్నాడు. ముఖం విప్పారింది. "మీ ఇద్దరికీ సంత్రాలు తెస్త," అని గోడ పట్టుకోకుండా బయటికి నడిచాడు.

బెంచీ మీది ముసలమ్మ తల లోపలికి పెట్టి చూసింది. "టక్కుమనకపాయె. అయినట్టేనా?" అంది.

"రా అవ్వా, పండు," అన్నాడు కొమురెల్లి. ఇక ఉస్తాద్ వంతు కదా అని చాప దిగి, అలవాటుగా నూనె గిన్నె కోసం చెయ్యి చాపాడు. గిన్నె అక్కడ లేదు.

తాను రోజూ నిలబడే చోట ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. గిన్నె ఆయన చేతుల్లో ఉంది.

కొమురెల్లి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాప మీద కూచున్నాడు.

"నూనె సల్లారినా ఏం గాదు బేటా," అన్నాడు ఉస్తాద్. "నేను మళ్ల ఎచ్చబెడ్త."