దించనమ్మ ఘటం

ఎర్రమిట్ట కొండ మీద కొలువైన దించనమ్మ తల్లి గుడికి నూటపది మెట్లు. గర్భగుడి గడప పక్కన ఒక పాత ఇత్తడి ఘటం ఉంటుంది. భక్తులు దానికి మొక్కి, తల్లికి ఈ పేరెలా వచ్చిందని అడుగుతారు.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే ఆమె సున్నం కాల్చి గుడి గోడలకు వెల్ల వేసేది. ఊరిపెద్ద కొడుకు చెన్నప్ప మనువాడతానని నమ్మించి, ఆమెకు నెల తప్పగానే మొహం చాటేశాడు. ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఎవరో తేలని బిడ్డకు ఊళ్ళో చోటు లేదని, జాతర కాగానే తల్లీబిడ్డలు పొలిమేర దాటాలని పెద్దలు తీర్పు చెప్పారు. ఆమె చెన్నప్ప పేరు చెబితే రుజువేదన్నారు. నిజమైతే చెయ్యి కాలదని, ఎర్రగా కాల్చిన గడ్డపార పట్టుకోమన్నారు. చెన్నప్పను మాత్రం ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. ఆ తీర్పు తలచుకుంటే ఈనాటికీ కడుపు మండుతుంది.

ఓబులక్క గడ్డపార ముట్టుకోకుండా, బిడ్డను చంకనేసుకుని అమ్మవారి ముందు నిలబడింది. దండం పెట్టలేదు. "నీ గోడలకు పదేండ్లు సున్నం కొట్టినా. వీళ్ళు నన్ను రుజువు అడిగినట్టే నువ్వు వాణ్ణీ అడుగు," అంది.

జాతరలో ఘటం ఎత్తేది ఊరిపెద్ద ఇంటి మగవాడే. గడప దగ్గర తాను ఎవరి కొడుకో, ఎవరి తండ్రో చెప్పి దించడం ఆనవాయితీ. చెన్నప్ప తన తండ్రి పేరు చెప్పి, "నాకు బిడ్డలు లేరు," అన్నాడు. ఘటం తల మీద నుంచి రాలేదు. నలుగురు పట్టి లాగినా కదల్లేదు. మళ్ళీ అదే మాట అన్నాడు, మెడ వంగిపోయింది. మూడోసారి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గడ్డపార కాల్పించిన ఊరిపెద్దే ఓబులక్క దగ్గరికి పరుగెత్తాడు.

"నా కొడుకు సచ్చిపోతాడు. నువ్వన్నా దించు తల్లీ."

"నా చేతిలో ఏముంది? నిజం చెప్పమను, అదే దిగుతాది," అంది ఆమె.

"ఓబులక్క బిడ్డ నా బిడ్డే," అన్నాడు చెన్నప్ప, ఊరంతా వినేలా. ఘటం తేలిగ్గా దిగింది. అంతవరకు కొండమ్మ అని పిలిచిన తల్లిని, అబద్ధానికి ఘటం దించనివ్వలేదు కనుక, ఆనాటి నుంచి దించనమ్మ అన్నారు.

పెద్దలు గబగబా పసుపుతాడు తెప్పించారు. ఓబులక్క దాన్ని ముట్టుకోలేదు.

"నేను మొగుణ్ణి అడగలా. నా బిడ్డకు నాయన్ని అడిగినా," అని బిడ్డతో తన ఇంటికే వెళ్ళింది. ఆమెను పొలిమేర దాటమనే ధైర్యం మళ్ళీ ఎవరికీ రాలేదు.

నేటికీ జాతర నాడు, పెళ్ళి కాకుండా తండ్రులైన వారు ఘటం ఎత్తుకుని, బిడ్డ పేరు చెప్పి దించుతారు. పక్కనే పంచాయతీ కార్యదర్శి జనన నమోదు కాగితాలతో కూర్చుంటారు. తండ్రి సంతకం పడ్డాకే హారతి. అలా తండ్రి పేరు పొందిన బిడ్డలను అమ్మవారు నిండు నూరేళ్ళు చల్లగా చూస్తుంది. ఆ బిడ్డల తల్లులను రుజువు అడిగిన వారికి ఇక్కడ తీర్థం ఇవ్వరు.