పూజగదిలో మైక్రోమీటర్

బేరింగు ఇరుసు మీదికి ఇట్టే జారిపోయింది. బిగుసుకోవలసిన చోట గలగలలాడింది. దానితోపాటు పోలినాయుడి గుండె కూడా జారిపోయింది.

సాలూరులో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, సొంతంగా ఇనుము కోసే లేతు పెట్టుకున్నాక అతనికి వచ్చిన మొదటి పెద్ద పని అది. అప్పలనరసమ్మ రంగులరాట్నం ఇరుసు పొద్దున్నే విరిగింది. సాయంత్రం నుంచి జాతర. ఆమె రెండు ఉక్కు రాడ్లు మోయించుకొచ్చి, పనయ్యేదాకా కదలనని షెడ్డులోనే తిష్ఠ వేసింది. ఆ రెండిట్లో ఒకటి ఇప్పుడు తుక్కయింది.

"ఏటయింది బాబూ?"

"ఎంట్రుకవాసి ఎక్కువ కోసేసినానమ్మా."

"ఇంకొకటే ఉంది. అదీ పోతే నా గుర్రాలు గోనెపట్టాలు కప్పుకుని తొంగోవాల. ఏడాదంతా మాకు కూడెట్టేది ఈ జాతరే!"

పోలినాయుడు రెండో రాడ్డు వైపు చూస్తుండగా బయట సైకిలు ఆగింది. కూర్మయ్య మేస్త్రి వచ్చాడు. పోలినాయుడికి లేతుపని నేర్పిన గురువు ఆయన. శిష్యుడి తొలి పెద్ద పని కళ్ళారా చూసుకోవాలని ఎండనపడి వచ్చాడు. వస్తూనే చెడిపోయిన ఇరుసు అందుకుని, బేరింగు తొడిగి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.

"దేంతో కొలిచావురా?"

"చేత్తో తడిమి చూసుకున్నానండి. అందాజుగా."

"నేనిచ్చిన మైక్రోమీటరేదీ?"

పోలినాయుడి మొహం చింకి చాటంత అయింది. ఇంత దిగుల్లోనూ ఆ మాట ఎప్పుడు అడుగుతారా అని ఎదురు చూస్తున్నట్టే ఉంది.

"పూజగదిలో ఉందండి గురువుగారూ! దసరాకి ఆయుధపూజ చేసి పీట మీద పెట్టినాను. వెర్నియరూ, స్టీలు స్కేలూ కూడా అక్కడే. ఒక్క మరక పడనిచ్చానేటి! కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా ముట్టుకోనండి."

అతని భక్తిలో వంకపెట్టడానికేమీ లేదు. కానీ కొలత చూడాలంటే లేతు ఆపాలి, చేతుల జిడ్డు సబ్బేసి వదిలించాలి, కాళ్ళు కడుక్కోవాలి, పెరడు దాటి ఇంట్లోకి వెళ్ళాలి. పొద్దున ఒకసారి వెళ్ళాడు. తర్వాత తొందరలో మానేశాడు. కోయడం మాత్రం మానలేదు.

గురువు నాలుగు చీవాట్లు పెడతాడని ఆశపడ్డ అప్పలనరసమ్మకు కాస్త నిరాశే మిగిలింది. ఆయన శిష్యుడి ముక్కు మీది కళ్ళజోడు మెల్లగా తీసుకుని, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, ఇంట్లోకి వెళ్ళాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చూపుడువేలికి కుంకుమ ఉంది.

"ఊఁ. రెండో రాడ్డు బిగించు."

పోలినాయుడికి ఎదురుగా ఉన్న లేతే మసకమసకగా కనబడుతోంది.

"నా కళ్ళజోడేదండీ?"

"దేవుడి దగ్గరెట్టాను. బొట్టు కూడా పెట్టాను. అక్కడైతే దుమ్ము పడదు."

"అది లేకపోతే టూలెక్కడుందో కూడా తెలీదండి!"

"అయితే దండం పెట్టుకుని మొదలెట్టు."

అంత బెంగలోనూ అప్పలనరసమ్మ పకపకా నవ్వింది. పోలినాయుడు నవ్వలేదు. రాడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఉన్నట్టుండి దాన్ని బల్ల మీద పెట్టి, బకెట్టు తన్నుకుంటూ పరుగెత్తాడు. కాళ్ళు కడుక్కోవాలన్న ఊసే లేదు. నూనె పాదాలతోనే పూజగదిలోకి దూరాడు.

వచ్చేటప్పుడు ఒక కంటి అద్దం మీద కుంకుమ పులుముకుని ఉంది. తువ్వాలులో కొలత సామాన్లన్నీ ఉన్నాయి. చంకలో పీట ఉంది. లేతు పక్కన, కుడిచెయ్యి చాపితే అందే చోట పీటను అరలా గోడకి మేకులతో దిగ్గొట్టాడు. దాని మీద పాత గుడ్డ పరిచి మైక్రోమీటరు పెట్టాడు.

ఇక చూడాలి షెడ్డులో సందడి! కోత పడింది, చెయ్యి పీట మీదికి వెళ్ళింది, కొలత తీసింది, మళ్ళీ కోత. అప్పలనరసమ్మ లేచి నిలబడిపోయింది. చివరికొచ్చేసరికి పోలినాయుడు ఊపిరి బిగబట్టి, గీకీ గీకనట్టు ఒక్క కోత కోశాడు. కొలిచాడు. బేరింగు తొడిగాడు. అది మెల్లగా, బిగువుగా దిగి, తన చోట కూర్చుంది.

"కూకుందమ్మా!" అని గావుకేక పెట్టాడు.

అప్పలనరసమ్మ ఇరుసును చంటిపిల్లలా పొదువుకుని ఆటో ఎక్కింది. వెనకాలే గురుశిష్యులిద్దరూ సైకిలు మీద వెళ్ళారు.

దీపాలు పెట్టే వేళకి రంగులరాట్నం కదిలింది. గుర్రాలు లేచాయి, పిల్లలు కేకలు పెట్టారు. అందరికంటే గట్టిగా కేకలు పెట్టింది మాత్రం పంచె ఎగ్గట్టి తెల్లగుర్రం ఎక్కిన కూర్మయ్య మేస్త్రే.

ఆయన దిగి వచ్చేసరికి పోలినాయుడు జేబులోంచి మైక్రోమీటరు తీసి చొక్కా అంచుతో తెగ రుద్దుతున్నాడు. దాని మీద నల్లటి నూనె వేలిముద్ర పడింది.

"మరకైపోయిందండి గురువుగారూ. మీరిచ్చిన వస్తువు."

కూర్మయ్య దాన్ని దీపం వెలుగులో తిప్పి చూసి, అతని చేతిలో పెట్టాడు.

"ఇన్నాళ్ళూ అది నాదేరా. ఇవాళ నీదయింది."