గుండ్లకొండ ఎదురుచూపుల స్వామి

పెన్నగుండ్ల గ్రామానికి పడమట ఉన్న గుండ్లకొండ పెద్ద కొండేమీ కాదు. చెట్టూ చేమా లేకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న నల్లరాతి గుండ్లే కొండంతా. పొద్దున్నే బయలుదేరిన భక్తులు స్వామిని దర్శించి, పైన భోజనం చేసి, పొద్దు వాలకముందే దిగిరావచ్చును. ఎండెక్కితే బండ కాలు పెట్టనివ్వదు కనుక ఆరు గంటలకే కదలవలెను. మంచినీళ్లు వెంట ఉంచుకొనవలెను. దారిలో మూడుచోట్ల చేతులు కూడా ఆనించి పాకవలసి వస్తుంది. అక్కడ పట్టుచీరల గురించి ఆలోచించరాదు.

శిఖరాన వెలసిన నరసింహస్వామి కుడిచేయి నుదుటికి అడ్డం పెట్టుకుని కిందికి చూస్తూ ఉంటాడు. అభయహస్తం ఏమైందని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. వారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ మూడేళ్లు వరుసగా వానలు లేవు. కరియప్ప అనే గొర్రెల కాపరి గడ్డిపరక కోసం కొండెక్కి, గుండ్ల సందున స్వామిని కనుగొన్నాడు. అప్పటికి స్వామి చేతులు రెండూ మోకాళ్ల మీదే ఉన్నాయి. కరియప్ప మొక్కుకుని ఆ నీడలోనే కునుకు తీయగా స్వామి కలలో కనబడి, "నాకు ఆకలిగా ఉంది. వచ్చే అమావాస్య నాడు ఊరంతా కొండెక్కి వచ్చి ఇంత ముద్ద పెట్టండి, వాన కురిపిస్తాను. ఒక్కరు తగ్గినా ముద్ద ముట్టను" అన్నాడు. ఆ అమావాస్యకు వాన పడకపోతే మిగిలిన మందను తోలుకుని ఊరు వదిలిపోవడం తప్ప కరియప్పకు వేరే దారి లేదు. అలా పోయినవాళ్లెవరూ అంతవరకు తిరిగి రాలేదు.

ఊరిపెద్ద ఓబులరెడ్డి కల సంగతి విని వెంటనే పనిలోకి దిగాడు. గంటన్నర నడకకు పదకొండు రోజులు ఏర్పాట్లు చేశాడు. చావిడి గోడ మీద బొగ్గుతో కొండ బొమ్మ గీయించాడు. ముసలివాళ్లు ఎవరి వెనక నడవాలి, చిత్రాన్నం గంగాళం ఏ మలుపులో ఎవరి భుజం మారాలి, గాలి ఎటు వీస్తే గొడుగు ఎటు వంచాలి, అన్నీ నిర్ణయించాడు. పన్నెండో రోజు అమావాస్య వచ్చింది కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే తుమ్ము వచ్చినవాళ్లు ఎటు తిరిగి తుమ్మాలో కూడా తేలి ఉండేది.

ఆ ఉదయం ఆయన కొండ మొదట్లో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పైకి పంపాడు. ఎండ ముదరకముందే ఊరంతా శిఖరం చేరింది. ఇంటింటా మిగిలిన కొర్రలు కలిపి వండిన చిత్రాన్నం స్వామి ముందు పెట్టారు. స్వామి ముట్టలేదు. మధ్యాహ్నమైంది. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. కరియప్ప మాటిమాటికి ఆకాశం చూసి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు అందరూ చూస్తుండగా స్వామి కుడిచేయి మెల్లగా లేచి నుదుటికి అడ్డంగా నిలిచింది. ఆ చూపు వెంబడి చూస్తే కొండ మొదట్లో తెల్లని తలపాగా ఒకటి కనబడింది.

కరియప్ప పరుగున దిగి వచ్చాడు. "ఏం రెడ్డెప్పా, అందురూ పైన ఉండారు, మీరీడే ఉండారే?"

"ఎవురన్నా యనకబడతారేమోనని సూస్తాండా."

"ఇంకెవురూ లేరు సామీ. మీరే."

ఓబులరెడ్డి ఒక రాతి మీద కూలబడ్డాడు. "నాకు బండలంటే బయంరా కరియప్పా. సిన్నప్పటి నుంచీ అంతే. ఊరికి పెద్దని, యా నోటితో సెప్పేది?"

పదకొండు రోజుల ఏర్పాట్లు ఎందుకో కరియప్పకు అప్పుడు బోధపడింది. కోపం రావలసిన చోట అతనికి జాలి వేసింది. బెదిరిన గొర్రెను బండ దాటించడం అతనికి కొత్త కాదు. తన కంబళి తీసి రెడ్డి తల మీదుగా కప్పాడు. "కిందికి సూడొద్దు, పైకీ సూడొద్దు. నా మడమలు సూస్తా రాండి" అని, మందను పిలిచే కేకే వేస్తూ ముందు నడిచాడు. రెడ్డి నాలుగు కాళ్ల మీద వెనకే ఎక్కాడు. ఊరంతా పైనుంచి చూసింది. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. తరువాత మూడు తరాలు నవ్వుకున్నారనుకోండి.

పొద్దు వాలే వేళకు రెడ్డి ముద్ద పెట్టాడు, స్వామి తిన్నాడు, వాన కురిసింది. కరియప్ప మంద ఊళ్లోనే నిలిచింది. తడిసిన బండ మీద దిగలేక రెడ్డి మాత్రం మూడు రోజులు పైనే ఉండి, ఊరి తగవులన్నీ కేకలు వేసి తీర్చాడని చెబుతారు.

నాటి నుంచి ఏటా ఆ అమావాస్యకు కరియప్ప వంశంవారు కంబళితో కొండ మొదట్లో కూర్చుంటారు. భయపడేవారిని అందరికన్నా చివర పైకి తీసుకువెళతారు. భయం లేనివారికి స్వామి దర్శనం లభిస్తుంది. భయం ఉన్నవారికి దర్శనంతో పాటు మొదటి ముద్ద పెట్టే భాగ్యం కూడా దక్కుతుంది.

ఈ పుస్తకం రాసిన నేను ఆలయ కమిటీ కార్యదర్శిని. పందొమ్మిదేళ్లు భక్తులకు దారి గుర్తులు చెబుతూ, ఎవరో ఒకరు చెప్పులు చూడాలి కదా అంటూ కిందనే ఉండిపోయాను. పోయిన ఏడు కరియప్ప వంశపు సిద్ధమ్మ నన్ను అడగకుండానే తల మీద కంబళి కప్పింది. "చెప్పులు యాడికీ పోవు, రాప్పా" అంది. ఆమె మడమలు చూస్తూ ఎక్కాను. నేను ఇన్నేళ్లూ చెప్పిన గుర్తుల్లో రెండు తప్పని దారిలోనే తెలిసింది. స్వామి ఎదుట నిలబడి, ముద్ద చేతిలో పట్టుకుని, ఇన్నేళ్ల ఆలస్యానికి క్షమాపణ చెప్పుకోవడం మొదలుపెట్టాను.

"మాట్లాడేది తర్వాత మాట్లాడుకుందువు, ముందు పెట్టప్పా" అంది సిద్ధమ్మ వెనక నుంచి. "సామికి ఆకలైతాంది."